ఐసు కొలవబోతున్న మేనకోడలికి

కావలి

చి. బుజ్జికి మామయ్య ఆశీస్సులు.

జర్మనీలో ధ్రువ ప్రాంతాల పరిశోధన చేసే ఆల్ఫ్రెడ్ వెగెనర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల దగ్గర, సముద్రం మీద తేలే ఐసు మందం కొలిచే విమాన సర్వే బృందంలో నీకు చోటు దొరికిందని అక్కయ్య ఫోన్ చేసి చెప్పింది. ఎంత సంతోషించానో! ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను విమానాల్లో లేజరు, కెమెరా పెట్టెల పక్కనే కూర్చున్నవాణ్ణి. కొన్ని సీజన్లు ఆ ఉత్తర ధ్రువపు సముద్రం మీదే తిరిగాను. పుస్తకాల్లో ఎక్కడో ఓ మూలన ఉండి, పనిలో దిగాక మాత్రం ముందుకొచ్చి నిలబడే సంగతులు కొన్ని ఉన్నాయి. అవి రాస్తున్నాను.

అన్నిటికంటే ముఖ్యం, నీ చూపు నీళ్ల మీద ఉండాలి. కొత్తగా వెళ్లినవాళ్లు కిటికీలోంచి తెల్లటి ఐసునే చూస్తూ కూర్చుంటారు. మన కొలత మొదలయ్యేది ఆ తెలుపు మధ్య నల్లగా చీలిన పగుళ్ల దగ్గర. లేజరు చెప్పేది విమానానికీ కింద ఉన్న ఉపరితలానికీ మధ్య దూరం ఒక్కటే. ఐసు నీటి మీద ఎంత తేలుతోందో తెలియాలంటే, ఆ చోట ఆ గంటకు నీటిమట్టం ఎక్కడుందో తెలియాలి. ఆటుపోట్లు, గాలి ఒత్తిడి కలిసి దాన్ని పైకీ కిందికీ జరుపుతూనే ఉంటాయి. దగ్గర్లోని పగులులో కనిపించే నీరే మనకు సున్నా.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానో లెక్క వేసి చూడు. ఘనపు మీటరుకు కిలోల్లో నీటి సాంద్రత 1024, ఐసుది 915, పైన పడిన మంచుది 320 అనుకో. నీటిమట్టం నుంచి మంచు పైభాగం దాకా 40 సెంటీమీటర్లు, అందులో మంచు 25 సెంటీమీటర్లు వచ్చిందనుకో. ఐసు మందం 2.14 మీటర్లు వస్తుంది. నీటిమట్టం 5 సెంటీమీటర్లు తప్పు పట్టుకుని 40ని 45 అన్నావంటే అదే ఐసు 2.61 మీటర్లయి కూర్చుంటుంది. ఐసులో ఎక్కువ భాగం నీళ్ల కిందే ఉంటుంది కదా, పైన చేసిన చిన్న తప్పును ఈ లెక్క తొమ్మిది రెట్లు పెంచి నీకు తిరిగిస్తుంది.

పగులు కనబడగానే నీరు దొరికిందని కూడా అనుకోకు. చలికాలం చివర్లో తెరుచుకున్న పగులు గంటల్లోనే పొర కడుతుంది. ముందు నల్లగా, తర్వాత బూడిద రంగులో, ఆ పైన తెల్లబడుతూ వస్తుంది. 30 సెంటీమీటర్ల పొర అయితే అప్పటికే నీటిమట్టం కంటే 3 సెంటీమీటర్లు పైకి లేచి ఉంటుంది. దాన్ని సున్నా అంటే కుదరదు. ఇంకో చిక్కు, కదలని నీరు అద్దంలా ఉండి, ఏటవాలుగా పడిన లేజరు కిరణాన్ని అవతలికి నెట్టేస్తుంది. అందుకే స్క్రీన్ మీద తిరిగొచ్చిన లేజరు చుక్కలు అసలు లేని చోట చాలాసార్లు నిజమైన నీరు ఉంటుంది. ఆ ఖాళీని చెడ్డ డేటా అని చెరిపేయకు. కెమెరా ఫొటో పక్కన పెట్టుకుని చూడు, విమానానికి సరిగ్గా కింద పడిన నాలుగు చుక్కలైనా దొరుకుతాయి. అవి బంగారం.

ఇక పైన పడిన మంచు. బకింగ్‌హాం కాలువలో ఉప్పు మూటలు ఎక్కించేకొద్దీ పడవ దిగినట్టు, మంచు బరువుకు ఐసు కిందికి దిగుతుంది. పైనుంచి చూస్తే మాత్రం ఎత్తు పెరిగినట్టే కనిపిస్తుంది. ఇందాకటి లెక్కలో మంచు లోతు 5 సెంటీమీటర్లు తేడా వస్తే మందం 32 సెంటీమీటర్లు తప్పుతుంది. పైనుంచి లేజరుతో ఐసు ఎత్తు కొలిచే ఐస్‌శాట్ ఉపగ్రహం 2009లో ఆగిపోయి, ఐస్‌శాట్-2 2018లో వెళ్లేలోగా లోటు తీర్చడానికి నాసా విమానాలతో ఆపరేషన్ ఐస్‌బ్రిడ్జ్ నడిపింది కదా, అందులో లేజరుతో పాటు మంచు లోతు కొలిచే రాడార్ కూడా పెట్టుకుని తిరిగింది అందుకే. మన ప్రాంతానికీ ఇందులో వాటా ఉందమ్మా. 2013 ఫిబ్రవరి 25 సాయంత్రం శ్రీహరికోట నుంచి వెళ్లిన సరళ్ ఉపగ్రహంలోని ఆల్టికా రాడార్ తరంగాలు మంచులోకి పెద్దగా దిగవు. ఐరోపా వాళ్ల క్రయోశాట్-2 ఉపగ్రహం రాడార్‌వి ఇంకా లోపలికి వెళతాయి. ఈ రెండు కొలతల తేడాలోంచి మంచు లోతు రాబట్టే ప్రయత్నాలు జరిగాయి. అక్కడ ఎవరైనా ఆల్టికా పేరెత్తితే, అది మా ఊరి దగ్గర నుంచే వెళ్లిందని ధైర్యంగా చెప్పు.

నువ్వు ఎక్కబోయే పోలార్-5, పోలార్-6 విమానాలు పాత డీసీ-3 రకం విమానాలను కొత్త ఇంజన్లతో తిరిగి తయారుచేసినవి. వాటి కింద 80 మీటర్ల తాడుకు వేలాడే పరికరాన్ని బర్డ్ అంటారు. ఐసుకు 15 మీటర్ల ఎత్తులో అది ఎగురుతుంటే పైన విమానం 60 మీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఉప్పునీటిలో కరెంటు బాగా పారుతుంది, ఐసులో దాదాపు పారదు. కాబట్టి బర్డ్‌లోని కాయిల్ నీటిదాకా ఎంత దూరమో పసిగడుతుంది, లేజరు పైభాగం దాకా చెబుతుంది, మధ్యలో ఉన్నదే ఐసూ మంచూ కలిసిన మందం. చలికి ఆ కాయిల్ రీడింగు మెల్లగా జరిగిపోతూ ఉంటుంది. ప్రతి 15, 20 నిమిషాలకు పైలట్ 100 మీటర్లకు పైగా లేపేది దాన్ని పట్టుకోవడానికే, అంత ఎత్తున ఐసు జాడ తగలదు కాబట్టి అక్కడ సున్నా రావాలి. టైం లేదని ఎవరైనా ఒకసారి మానేద్దామంటే ఒప్పుకోకు. గుట్టలుగా పేరుకున్న చోట బర్డ్ చుట్టుపక్కల ఐసును కూడా కలిపి సగటు చేస్తుంది, లోతైన గుట్టల మందం సగానికి కూడా తగ్గి కనిపించవచ్చు. అది నీ తప్పు కాదు, దాని పద్ధతే అంత. రిపోర్టులో రాయి.

గడియారం గురించి ఒక్క మాట. లాగ్‌బుక్కులో అంతా యూటీసీలోనే, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలోనే రాయాలి. జీపీఎస్ టైం యూటీసీ కంటే 18 సెకన్లు ముందుంటుంది. సెకనుకు 60 మీటర్లు పోయే విమానంలో ఏ పరికరం ఏ టైంలో ఉందో చూసుకోకపోతే కిలోమీటరు అవతలి ఐసుకు ఇవతలి ఫొటో అతికిస్తావు. పైగా కింద ఐసు ఆగి ఉండదు. నార్వే అన్వేషకుడు నాన్సెన్ 1893లో ఫ్రామ్ ఓడను ఐసులో ఇరికించుకుని కొట్టుకుపోతూ గమనించింది ఇదే. గాలి వేగంలో దాదాపు 2 శాతం వేగంతో, గాలి దిక్కుకు కాస్త కుడివైపుగా ఐసు జరుగుతుంది. పొద్దున ఉపగ్రహం తీసిన చిత్రంలో చూసిన పగులు మధ్యాహ్నం నువ్వు వెళ్లేసరికి అక్కడే ఉంటుందనుకోకు.

కెమెరా వెలుతురు మంచుకు సరిపడా పెట్టు, పగులుకు కాదు. తెలుపు ఒకసారి కాలిపోతే ఏం చేసినా తిరిగి రాదు. చల్లని కెమెరాను వెచ్చని గదిలోకి తెచ్చేటప్పుడు సంచిలో పెట్టి ముడి వెయ్యి, అది వెచ్చబడేదాకా విప్పకు, లేకపోతే తేమ పట్టేస్తుంది.

అక్కయ్యకు ఒకటే టెన్షన్, అంత కిందుగా ఎగరడం. భయపడాల్సిన విషయమే, లేదని నేను అనను. మబ్బు పట్టి పైన తెలుపు, కింద తెలుపు కలిసిపోతే ఆకాశం అంచు మాయమవుతుంది. అప్పుడు ఎంత ఎత్తులో ఉన్నామో ఎంత అనుభవమున్న కంటికైనా తెలియదు. పైలట్ వెనక్కి వెళదామంటే కొలవాల్సిన గీత ఇంకొకటి మిగిలిందని బతిమాలకు. నీకే అనుమానం వస్తే నోరు విప్పి చెప్పు, చిన్నదాన్నని మొహమాటపడకు. నీళ్లలో పడితే కాపాడే సూట్ వేడిగా, ఇరుకుగా ఉంటుంది, అయినా విప్పొద్దు. కాఫీ తగ్గించు, ఆరేసి గంటలు కూర్చోవాలి. వాంతుల మాత్ర బయలుదేరకముందే వేసుకో.

ఇంట్లో ఉన్న ఈ నెల్లాళ్లూ రోజూ ఒక పని చెయ్యి. సాయంత్రం మిద్దె ఎక్కి ఆకాశంలో మబ్బు పదింట ఎన్ని వంతులు కప్పిందో చూసి కాగితం మీద రాయి, తర్వాత ఫోన్‌తో ఫొటో తీసి గడులు గీసి సరిచూసుకో. ఐసు ఎంత కమ్మిందో కూడా అక్కడ పదింట వంతుల్లోనే చెబుతారు. మొదట్లో అందరి కన్నూ ఎక్కువే చెబుతుంది. నీ కన్ను ఎంత ఎక్కువ చెబుతోందో నీకు ముందే తెలియాలి.

బయలుదేరేలోపు ఒక ఆదివారం కావలి రా. పైన రాసిన మందం లెక్క సాంద్రతలు మార్చి మార్చి చేయిస్తాను. మీ అత్తయ్య చేపల పులుసు చేస్తానంది. కాలిక్యులేటర్ తెచ్చుకో.

మీ మామయ్య