నియోమైసిన్ ఇచ్చాక జీబ్రాఫిష్ హెయిర్ సెల్స్ లెక్క ఎందుకు కుదరదు?

మీ ప్రశ్న ఇదీ: ఒక బ్యాచ్ లార్వాల్లో (చేప పిల్లల్లో) నియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌కి హెయిర్ సెల్స్ (నీటి కదలికను పసిగట్టే కణాలు) అన్నీ పోతున్నాయి, ఇంకో బ్యాచ్‌లో సగం మిగులుతున్నాయి, 72 గంటలకి ఎన్ని తిరిగొచ్చాయో తేలడం లేదు. మందు పాడైందా?

మందు కంటే ముందు లార్వాల వయసు, నీళ్లు చూడండి. నియోమైసిన్ హెయిర్ సెల్‌లోకి ప్రధానంగా దాని కుచ్చు కొనల్లో ఉండే మెకానికల్ ఛానెల్ (కుచ్చు కదిలితే తెరుచుకునే సన్నని దారి) గుండానే దూరుతుంది. నాలుగో రోజు లార్వాల్లో చాలా సెల్స్ ఇంకా ముదరవు, అందుకే మందుని తట్టుకుంటాయి. ఐదు, ఆరు రోజులవి వాడండి, బ్యాచ్‌లో అన్నీ ఒకే పూట పుట్టినవై ఉండాలి. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువైనా సెల్స్‌కి రక్షణ దొరుకుతుంది. కాబట్టి ఒకరోజు ట్యాంకు నీళ్లు, ఇంకోరోజు ఈ3 ద్రావణం (లార్వాల్ని పెంచే ఉప్పునీటి మిశ్రమం) వాడితే ఫలితం మారడంలో వింతేమీ లేదు.

28.5 డిగ్రీల దగ్గర, 400 మైక్రోమోలార్ నియోమైసిన్‌లో అరగంట ఉంచండి. తాజా ఈ3తో మూడుసార్లు కడిగి, కనీసం గంట ఆగాకే లెక్కపెట్టండి. వెంటనే చూస్తే చస్తున్న సెల్స్ కూడా లెక్కలోకి వచ్చేస్తాయి. నియోమైసిన్ బదులు కాపర్ సల్ఫేట్ వాడేవాళ్లున్నారు. నాకది అంత నచ్చదు: మోతాదు మించితే హెయిర్ సెల్స్ చుట్టూ ఉండే సపోర్ట్ సెల్స్ కూడా దెబ్బతింటాయి. కొత్త హెయిర్ సెల్స్ పుట్టాల్సింది వాటినుంచే కదా!

ఎక్కువమంది తప్పటడుగు వేసేది రంగు దగ్గర. బతికున్న హెయిర్ సెల్స్‌ని చూపించే ఎఫ్ఎం1-43 అనే రంగు (3 మైక్రోమోలార్, 30–45 సెకన్లు, వెంటనే కడగడం) కూడా ఆ మెకానికల్ ఛానెల్ గుండానే లోపలికి పోతుంది. రంగు పట్టలేదంటే సెల్ చచ్చిందనే కాదు, ఛానెల్ పనిచేయడం లేదని కూడా కావచ్చు. అప్పుడే పుట్టిన సెల్ బతికే ఉన్నా రంగు పట్టదు. పైగా పరీక్షిస్తున్న మందు ఛానెల్‌ని మూసేసేదైతే, బతికున్న సెల్స్ కూడా చచ్చినట్టు భ్రమ కలుగుతుంది. అందుకే అసలు లెక్కకి ఫిక్స్ చేసిన (రసాయనంతో కణాల్ని ఉన్నవున్నట్టు నిలిపిన) లార్వాల్లో, హెయిర్ సెల్స్‌లో ఉండే పార్వాల్బుమిన్ అనే ప్రోటీన్‌ని పట్టే యాంటీబాడీ వాడండి, లేదా హెయిర్ సెల్స్‌లో జీఎఫ్‌పీ (ఆకుపచ్చగా మెరిసే ప్రోటీన్) వెలిగే చేపల జాతి తెచ్చుకోండి.

మందు తగలని తోబుట్టువుల్ని ప్రతి సమయానికీ విడిగా ఉంచాలి. లార్వా ఎదిగేకొద్దీ న్యూరోమాస్ట్‌లో (హెయిర్ సెల్స్ గుంపుగా ఉండే చిన్న అవయవంలో) సెల్స్ పెరుగుతాయి, మొదటి రోజు లెక్కతో పోలిస్తే శాతం ఉబ్బి కనిపిస్తుంది. ఒక్కో చేపలో అవే మూడు నాలుగు న్యూరోమాస్ట్‌లు చూసి సగటు తీయండి. గణాంకాల్లో శాంపిల్ సంఖ్య చేపలదే, న్యూరోమాస్ట్‌లది కాదు. (రివ్యూయర్లు మొదట పట్టుకునేది దీన్నే.)

48 గంటలకి చాలావరకు, 72కి దాదాపు అన్నీ తిరిగి రావాలి. వచ్చినవి కొత్తవా, చావకుండా మిగిలినవా అన్నది తేల్చాలంటే, కడిగిన వెంటనే మొదటి 24 గంటలు నీళ్లలో ఈడీయూ (విభజన పొందే కణాల డీఎన్ఏలో చేరి గుర్తుగా మిగిలే పదార్థం) కలిపి ఉంచండి. లేటరల్ లైన్‌లో (న్యూరోమాస్ట్‌లు వరుసగా ఉండే చేప ఒంటి వ్యవస్థలో) సపోర్ట్ సెల్ విభజన పొంది రెండు హెయిర్ సెల్స్ అవుతుంది కాబట్టి గుర్తు జతలుగా పడాలి. కోడిపిల్ల కాక్లియాలో (లోపలి చెవిలో వినికిడి భాగంలో) ఇదే ప్రయోగం చేస్తే కొన్ని కొత్త సెల్స్‌కి గుర్తే పడదు, అక్కడ సపోర్ట్ సెల్ విభజన లేకుండా నేరుగా మారడం కూడా ఉంది. పూర్తిగా ఎదిగిన ఎలుక కాక్లియాలో ఈ రెండూ జరగవు.