బయర్న్ మ్యూనిక్ గెలిచేది డబ్బుతో, అదృష్టంతోనేనా?

అడిగిన ప్రశ్న ఇది: "బయర్న్ మ్యూనిక్ చరిత్ర, విజయాలు క్లుప్తంగా చెప్పండి. వాళ్ళు గెలిచేది డబ్బు, అదృష్టం వల్లే కదా?"

క్లుప్తంగా కావాలంటే అంకెలు చాలు. 1900 ఫిబ్రవరి 27న మ్యూనిక్‌లోని ష్వాబింగ్ పేటలో పుట్టిన జర్మన్ ఫుట్‌బాల్ క్లబ్. 2024-25 సీజన్ వరకు 34 జర్మన్ టైటిళ్ళు, 20 జర్మన్ కప్పులు, యూరప్‌లో అతి పెద్ద కప్పు (అప్పట్లో యూరోపియన్ కప్, ఇప్పుడు ఛాంపియన్స్ లీగ్) 6 సార్లు: 1974, 75, 76, 2001, 2013, 2020. ఈ అంకెలు ఎక్కడైనా దొరుకుతాయి. ప్రశ్న చివర తోక తగిలించారే, దాని గురించి మాట్లాడదాం.

ముందు అదృష్టం. ఆఖరి నిమిషంలో గోల్ కొట్టి గట్టెక్కడం బయర్న్‌కి అలవాటని జర్మనీలో తరాలుగా అంటున్నారు, దానికి "బయర్న్ డూసెల్" (బయర్న్ అదృష్టం) అని పేరు కూడా పెట్టారు. సరే, లెక్క చూడండి. యూరోపియన్ కప్ ఫైనల్స్ 11 ఆడి 6 గెలిచారు, 5 ఓడారు. ఓడిన వాటిలో 1999 బార్సిలోనా ఫైనల్ ఒకటి. 6వ నిమిషంలో బాస్లర్ ఫ్రీ కిక్‌తో ముందంజ, తర్వాత షోల్ కొట్టింది పోస్టుకి, యాంకర్ కొట్టింది క్రాస్‌బార్‌కి. చివర ఇంజురీ టైమ్‌లో షెరింగ్‌హామ్, సోల్‌షార్ రెండు గోల్స్ కొట్టి కప్పు మాంచెస్టర్‌కి పట్టుకుపోయారు. 2012 ఫైనల్ సొంత స్టేడియంలోనే. బయర్న్‌కి 20 కార్నర్లు, చెల్సీకి ఒక్కటి. ఆ ఒక్క కార్నర్ నుంచే 88వ నిమిషంలో ద్రోగ్బా స్కోరు సమం చేశాడు. అదనపు సమయంలో రోబెన్ పెనాల్టీని చెల్సీ గోల్‌కీపర్ చెక్ ఆపేశాడు, షూటౌట్‌లో కప్పు లండన్‌కి పోయింది. అదృష్టం అంటే ఇదేనా?

అదృష్టానికి రుజువని అందరూ ఎత్తి చూపేది 2001 మే 19, హాంబర్గ్. అందుకే దాని దగ్గర కాస్త ఆగాలి.

లీగ్‌లో అది చివరి రోజు, బయర్న్ మ్యాచ్ హాంబర్గ్ జట్టుతో. బయర్న్‌కి 62 పాయింట్లు, షాల్కెకి 59. షాల్కె గోల్ తేడా మెరుగు. అంటే బయర్న్ ఓడి షాల్కె గెలిస్తే టైటిల్ షాల్కెది, డ్రా చేసుకున్నా బయర్న్‌ది. షాల్కె తమ పార్క్‌స్టాడియోన్‌లో చివరి లీగ్ మ్యాచ్ ఉంటర్‌హాహింగ్‌తో ఆడుతోంది. ఈ ఉంటర్‌హాహింగ్ మ్యూనిక్ శివార్లలో చిన్న ఊరు. ముందు ఏడాది చివరి రోజున ఈ ఊరి జట్టే లెవర్కూసెన్‌ని 2-0తో ఓడించి, టైటిల్‌ని బయర్న్ చేతిలో పెట్టింది. ఈసారి కూడా షాల్కె మీద ముందు 2-0, తర్వాత 3-2 ఆధిక్యంలో ఉండి, చివరికి 5-3తో ఓడి రెండో డివిజన్‌కి పడిపోయింది.

హాంబర్గ్‌లో 90వ నిమిషం దాకా 0-0. అప్పుడు హైన్జ్ వేసిన క్రాస్‌ని బార్బరెజ్ తలతో కొట్టాడు, 1-0. షాల్కె సొంత ఊరు గెల్సెన్‌కిర్షెన్‌లో వాళ్ళ మ్యాచ్ ముగిసింది. హాంబర్గ్‌లో కూడా అయిపోయిందని ఎవరో అన్నారు, టీవీ రిపోర్టర్ కూడా అదే చెప్పాడు. జనం మైదానంలోకి దూకారు, కొందరు ఏడుస్తున్నారు, బాణసంచా కాలుస్తున్నారు. 1958 తర్వాత షాల్కెకి లీగ్ టైటిల్ లేదు మరి. కానీ హాంబర్గ్ మ్యాచ్ ఇంకా నడుస్తోంది. స్టేడియంలోని పెద్ద తెర మీద ఆ చివరి క్షణాలు రావడం మొదలయ్యాయి.

బార్బరెజ్ గోల్ పడ్డాక బయర్న్ గోల్‌కీపర్ కాన్ ఏం చేశాడో చూడండి. వలలోంచి బంతి తీసి, కింద పడిపోయిన తనవాళ్ళని లేపి, ముందుకు తోశాడు. బయర్న్ బంతిని ముందుకు ఎగరేసింది. ఒత్తిడిలో హాంబర్గ్ డిఫెండర్ ఉయ్‌ఫలుషి బంతిని కాలితో తన గోల్‌కీపర్ వైపు తోశాడు. గోల్‌కీపర్ షోబర్ చేత్తో పట్టుకున్నాడు. రిఫరీ మెర్క్ విజిల్ ఊదాడు.

ఇక్కడ నిబంధన తెలియకపోతే కథ అర్థం కాదు. 1992 నుంచి, సొంత ఆటగాడు కావాలని కాలితో ఇచ్చిన బంతిని గోల్‌కీపర్ చేత్తో తాకకూడదు. తాకితే అక్కడే ఇండైరెక్ట్ ఫ్రీ కిక్. పెనాల్టీ ఏరియాలోనే అయినా పెనాల్టీ ఇవ్వరు. నేరుగా గోల్‌లోకి కొడితే చెల్లదు, మధ్యలో ఇంకొకరికి తగలాలి. డిఫెండర్లు 9.15 మీటర్ల దూరంలో ఉండాలి. గోల్ అంతకన్నా దగ్గర ఉంటే పోస్టుల మధ్య గీత మీద నిలబడొచ్చు. అందుకే జట్టు జట్టంతా గోల్ నోట్లో గోడ కడుతుంది. ఇలాంటి ఫ్రీ కిక్కుల్లో ఎక్కువ వృథా అయ్యేవే. మొదటి టచ్ కాస్త ఎక్కువైతే గోడలోంచి ఒకడు ఉరికి వచ్చి కాలు అడ్డం పెట్టేస్తాడు. టచ్ సరిగ్గా ఉండి బంతి గాల్లోకి లేచినా ఎవరి ఛాతీకో తగిలి పోతుంది. కాబట్టి టచ్ అంగుళాల్లో ఉండాలి, షాట్ నేల బారున, బలంగా ఉండాలి.

కాన్ తన గోల్ ఖాళీగా వదిలేసి హాంబర్గ్ పెనాల్టీ ఏరియాలోకి వచ్చి డిఫెండర్లని నెట్టడం మొదలుపెట్టాడు. ఎఫెన్‌బర్గ్ బంతిని కొద్దిగా కదిపాడు. ఆండర్సన్, స్వీడన్ డిఫెండర్, కుడికాలితో కొట్టాడు. గోడలో సందు దొరికింది. 94వ నిమిషం, 1-1. బయర్న్ తరఫున బుండెస్‌లిగాలో (జర్మనీ అగ్ర లీగ్) ఆయన కొట్టిన గోల్ అదొక్కటే. కాన్ పరుగెత్తి మూలన ఉన్న కార్నర్ జెండా పీకి, దాంతో సహా వెల్లకిలా పడుకున్నాడు. షాల్కె టైటిల్ నాలుగు నిమిషాలు నిలిచింది. అన్నిటికన్నా చేదు విషయం: షోబర్ షాల్కె ఆటగాడే, హాంబర్గ్‌కి అప్పుగా ఇచ్చిన గోల్‌కీపర్.

ఉయ్‌ఫలుషి కావాలని ఇవ్వలేదు, అది బ్యాక్‌పాసే కాదు అని షాల్కె అభిమానులు ఈనాటికీ వాదిస్తారు. వాదించుకోనీ. ఆ బంతిని బయటికి తన్నేసే అవకాశం షోబర్‌కి ఉంది. సరిగ్గా వారం ముందు కూడా ఇదే తంతు: కైజర్స్‌లౌటర్న్ మీద 90వ నిమిషంలో జిక్లర్ బయర్న్‌ని గెలిపించాడు, అదే సమయానికి షాల్కె స్టుట్‌గార్ట్‌లో 90వ నిమిషం గోల్‌తో ఓడింది. వరుసగా రెండు వారాలు ఆఖరి క్షణంలో ఒక జట్టు పరుగెత్తుతోంది, ఇంకో జట్టు రేడియో వింటోంది. హాంబర్గ్ తర్వాత నాలుగు రోజులకే మిలాన్‌లో వాలెన్సియా మీద యూరప్ ఫైనల్. ఆటలో షోల్ పెనాల్టీని అవతలి గోల్‌కీపర్ ఆపేశాడు, అయినా షూటౌట్‌లో కాన్ మూడు ఆపి కప్పు తెచ్చాడు.

ఇక డబ్బు. ఆస్పిరిన్ తయారుచేసే బేయర్ కంపెనీ వెనకుండి బయర్న్‌ని నడిపిస్తోందని రాసేవాళ్ళని చూస్తే తల పట్టుకోవాలనిపిస్తుంది. ఆ కంపెనీ క్లబ్ లెవర్కూసెన్, అది వేరే ఊరు. బయర్న్‌లో 75 శాతం వాటా సభ్యులున్న క్లబ్‌దే. మిగతా 25 శాతం అడిడాస్, ఆడి, అలియాంజ్ సమానంగా పంచుకున్నాయి, తలా 8.33 శాతం. షేక్ లేడు, చమురు లేదు.

అసలు 1963లో బుండెస్‌లిగా మొదలైనప్పుడు బయర్న్‌కి అందులో చోటే ఇవ్వలేదు. ఒకే ఊరి నుంచి రెండు క్లబ్బులు వద్దనుకున్నారు, మ్యూనిక్ సీటు "1860 మ్యూనిక్" అనే ఇంకో క్లబ్‌కి పోయింది. ఆ ఏడాది దక్షిణ లీగ్ గెలిచింది వాళ్ళే కాబట్టి తప్పు పట్టడానికీ లేదు. నన్నడిగితే బయర్న్‌కి జరిగిన అతి పెద్ద మేలు ఇదే. పై లీగ్ డబ్బు లేదు, పేరున్న ఆటగాళ్ళు రారు, కాబట్టి కుర్రాళ్ళని దించక తప్పలేదు. గోల్‌లో సెప్ మయర్, వెనక బెకెన్‌బవర్, 1964లో నోర్డ్‌లింగెన్ అనే చిన్న ఊరి క్లబ్ నుంచి 4,400 మార్కులకి (అప్పటి జర్మన్ కరెన్సీ) గెర్డ్ ముల్లర్. కోచ్ చాయ్‌కోవ్‌స్కీ. 1964-65లో కింది లీగ్‌లో 36 మ్యాచ్‌లకి 146 గోల్స్ కొట్టి పైకి వచ్చారు. 1966లో జర్మన్ కప్, 1967లో యూరప్ కప్ విన్నర్స్ కప్ (ఆయా దేశాల కప్పు విజేతల పోటీ), 1969లో లీగ్, కప్ రెండూ. ఆ 1969 లీగ్ మొత్తం 13 మంది ఆటగాళ్ళతో నడిపించారంటే ఇవాళ ఎవరూ నమ్మరు.

అటు 1860 మ్యూనిక్ 1966లో ఛాంపియన్ అయింది, 1970లో కిందికి జారింది, 1982లో అప్పుల వల్ల లైసెన్సే పోగొట్టుకుంది. ఊరు ఒకటే, 1972 ఒలింపిక్స్ కోసం కట్టిన పెద్ద స్టేడియం ఇద్దరికీ అందుబాటులో ఉంది. తేడా ఏమిటంటే, స్టేడియం తయారయ్యే నాటికి పై లీగ్‌లో ఉన్నది బయర్న్ ఒక్కటే. 1972 జూన్ 28న అక్కడ వాళ్ళ మొదటి మ్యాచే టైటిల్ తేల్చే మ్యాచ్, ఎదురుగా రెండో స్థానంలో ఉన్న షాల్కె. దాదాపు 80 వేల మంది ముందు 5-1. ఆ సీజన్లో బయర్న్ 101 గోల్స్, అందులో ముల్లర్‌వి 40. ఆ 40 రికార్డు 2021లో లెవాన్‌డోవ్‌స్కీ 41 కొట్టేదాకా కదల్లేదు. టీవీ డబ్బు నామమాత్రమైన ఆ రోజుల్లో టికెట్ల గల్లాపెట్టే క్లబ్ బతుకు. బయర్న్ డబ్బు పుట్టింది అక్కడ.

పుట్టిన డబ్బు నిలవలేదు కూడా. వరుసగా మూడు యూరప్ కప్పులు గెలిచాక 1977-78లో లీగ్‌లో 12వ స్థానం. బెకెన్‌బవర్ 1977లో న్యూయార్క్ వెళ్ళాడు, 1979లో ముల్లర్ ఫ్లోరిడా వెళ్ళాడు, అదే ఏడాది కారు ప్రమాదంతో మయర్ ఆట ముగిసింది. మోకాలు దెబ్బతిన్న బయర్న్ ఆటగాడు ఉలి హోనెస్ 27 ఏళ్ళకే మేనేజర్ కుర్చీలో కూర్చునేసరికి వార్షిక ఆదాయం కోటీ 20 లక్షల మార్కులు, అప్పు 70 లక్షలు. ఇవాళ ఈ నిష్పత్తి ఉన్న క్లబ్ గురించి అందరం సంతాప సందేశాలు రాసేవాళ్ళం. ఆయన చేసింది పెద్ద రహస్యమేం కాదు. స్పాన్సర్లని వెతికాడు, టికెట్ ఆదాయం మీద ఆధారపడటం తగ్గించాడు, 1984లో తన దగ్గరున్న అతి విలువైన ఆటగాడు రుమెనిగెని ఇంటర్ మిలాన్‌కి కోటి మార్కులకు పైగా అమ్మేశాడు. అప్పు తీరింది. ఎవరిని ఎప్పుడు అమ్మాలో తెలియడమే ఆ పనిలో సగం. (క్లబ్ ఖాతాల్లో అంత నిక్కచ్చిగా ఉన్న మనిషి సొంత పన్నులు ఎగ్గొట్టి 2014లో జైలు శిక్ష వేయించుకున్నాడు, అది వేరే సంగతి.)

స్టేడియం కథా అంతే. 2005లో తెరిచిన అలియాంజ్ అరీనాకి 34 కోట్ల యూరోలు అయింది, మొదట 1860తో చెరిసగం. 1860 మరుసటి ఏడాదే కష్టాల్లో పడి తన సగం వాటాని కోటీ 10 లక్షలకి బయర్న్‌కే అమ్ముకుంది. బయర్న్ కంపెనీల వాటాల డబ్బు తెచ్చి, 2030 దాకా సాగాల్సిన అప్పుని 2014లోనే తీర్చేసింది.

విజయాల జాబితాలు రాసేవాళ్ళు ఎగరగొట్టేసే ఒక పేరు చెప్పాలి: కుర్ట్ లాండావర్. 1932లో ఐన్‌ట్రాక్ట్ ఫ్రాంక్‌ఫర్ట్ మీద 2-0తో మొదటి జర్మన్ టైటిల్ గెలిచినప్పుడు క్లబ్ అధ్యక్షుడు ఆయనే, యూదుడు. మరుసటి ఏడాది నాజీలు రాగానే పదవి వదులుకోవాల్సి వచ్చింది. 1938లో డఖావ్ నిర్బంధ శిబిరంలో పెట్టారు. బయటపడి స్విట్జర్లాండ్ పారిపోయాడు. యుద్ధం తర్వాత, 1947లో, తిరిగొచ్చి మళ్ళీ అధ్యక్షుడయ్యాడు. మొదటి టైటిల్‌కీ రెండోదానికీ మధ్య 37 ఏళ్ళ ఖాళీ ఎందుకో అడిగేవాళ్ళు ఇక్కడ మొదలుపెట్టాలి.

బయర్న్ ఏ తప్పూ చేయలేదని అనడం లేదు. టీవీ హక్కుల విషయంలో కిర్ష్ అనే మీడియా సంస్థతో చాటుగా కుదుర్చుకున్న ఒప్పందం 2003లో బయటపడి పరువు తీసింది. డార్ట్‌మండ్ నుంచి గోట్జె, లెవాన్‌డోవ్‌స్కీ, హుమెల్స్‌ని లాగి లీగ్‌లో పోటీని పలచన చేశారన్నదీ నిజమే. అయితే లెవాన్‌డోవ్‌స్కీకి డార్ట్‌మండ్‌కి ఇచ్చింది సున్నా, కాంట్రాక్ట్ ముగిసేదాకా ఆగి తెచ్చుకున్నారు. 2013 నుంచి 2023 దాకా వరుసగా 11 లీగ్‌లు, తర్వాత 2024లో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఓడకుండా లెవర్కూసెన్ ఆ వరుస తెంచింది. చూడ్డానికి అదే బాగుంది, ఒప్పుకుంటాను.

డబ్బు గల క్లబ్ అంటే మాత్రం 2014 వేసవి గుర్తుచేస్తాను. సొంత యూత్ జట్టు నుంచి పైకి వచ్చిన టోనీ క్రూస్ జీతం పెంచమన్నాడు. బయర్న్ బేరమాడింది. కాంట్రాక్ట్‌లో ఏడాదే మిగిలింది, ఆగితే ఊరికే పోతాడని భయపడి, ప్రపంచ కప్ గెలిచిన వారానికే రెండున్నర కోట్ల యూరోలకి రియల్ మాడ్రిడ్‌కి ఇచ్చేశారు. అక్కడ క్రూస్ పదేళ్ళలో 5 ఛాంపియన్స్ లీగ్‌లు గెలిచాడు. ఆ పదేళ్ళలో బయర్న్‌కి వచ్చింది ఒకటి.