కెమెరా పట్టిన మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసి, నువ్వు కెమెరా కొన్నావనీ, ఏడాది పాటు రోజుకొక ఫొటో తీయాలని నిశ్చయించుకున్నావనీ, అవన్నీ ఇంటి నుంచి నడిచి వెళ్ళగలిగినంత దూరంలోనే తీస్తానని పట్టుబట్టావనీ చెప్పింది. "ఇంట్లో ఏముంటుంది అన్నయ్యా ఫొటో తీయడానికి?" అని తను నవ్వింది గాని నాకు నవ్వు రాలేదు. కొండలూ జలపాతాలూ వెతుక్కుంటూ తిరిగిన నాకు ఆ తెలివి నలభై ఏళ్ళు దాటితే గాని రాలేదు. నీకు మొదటి నెలలోనే వచ్చిందంటే ఎంత గర్వంగా ఉందో అంత గుబులుగానూ ఉంది. గర్వం సంగతి మీ అమ్మ నీకు చెప్పే ఉంటుంది. గుబులు సంగతి నేనే చెప్పుకోవాలి గనుక ఈ ఉత్తరం.

ముందు చిన్న విషయాలు. బ్యాటరీ రాత్రే ఛార్జింగు పెట్టుకో. లెన్సును చొక్కా అంచుతో తుడవకు. ఫొటోలు రెండు వేర్వేరు చోట్ల భద్రపరిచిన తరువాతే కెమెరాలోని మెమరీ కార్డు ఖాళీ చెయ్యి. వ్యూఫైండరులో కన్ను పెట్టి వెనక్కి అడుగు వేయకు, ముఖ్యంగా మేడమీద, మెట్లమీద. ఒకసారి నా మడమ కింద నేల లేదని తెలిసిన క్షణం నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. నీది అద్దం గుండా నేరుగా చూసే వ్యూఫైండరయితే దానితో సూర్యుణ్ణి చూడకు, దూరపువాటిని దగ్గరగా చూపే టెలిఫొటో లెన్సు బిగించి ఉన్నప్పుడు అసలే వద్దు, కన్ను పోతుంది.

ఇక "ఇంట్లో ఏముంటుంది" అన్న మాట. కెమెరాతో తీసి నేటికీ నిలిచి ఉన్న ఫొటోలలో అన్నిటికన్నా పాతది ఒక ఇంటి కిటికీలోంచి తీసినదే. ఫ్రాన్సులో నిసెఫోర్ నియెప్స్ 1826, 1827 ప్రాంతంలో తన ఇంటి మేడగది కిటికీలో కెమెరా పెట్టి, తారు వంటి పదార్థం పూసిన లోహపు పలకమీద ఎదుటి కప్పులనూ గోడలనూ పట్టాడు. గంటల తరబడి పలకను వెలుతురుకు వదిలేయడంతో ఆలోగా సూర్యుడు ఈ వైపు నుంచి ఆ వైపుకు నడిచిపోయి, ఎదురెదురుగా ఉన్న రెండు గోడలమీదా ఎండ పడినట్టు కనిపిస్తుంది. 1835లో ఇంగ్లండులో ఫాక్స్ టాల్బట్ తీసిన, ఈనాటికి మిగిలిన అతి పాత నెగెటివులో ఉన్నది కూడా ఆయన ఇంటి కిటికీయే. అది తపాలా బిళ్ళంత ఉంటుంది. ప్రాగ్ నగరంలో యోసెఫ్ సుదెక్ అనే ఆయన, మొదటి ప్రపంచ యుద్ధంలో కుడి చెయ్యి పోగొట్టుకున్నవాడు, తన స్టూడియో కిటికీని 1940 నుంచి 1954 దాకా తీస్తూనే ఉన్నాడు. అదే గాజు పలక, దాని అవతల అదే చెట్టు. ఒకనాడు ఆవిరి పట్టి, ఒకనాడు మంచు పేరుకుని, ఒకనాడు చినుకులు జారుతూ. నలభయ్యో రోజున నీకు తీయడానికి ఏమీ మిగలలేదని ఏడుపొస్తుంది చూడు, అప్పుడు ఆయన కిటికీని తలుచుకో.

మొదటి వారం మాత్రం ఒక్క గాజు గ్లాసుతో గడుపు. సగం దాకా నీళ్ళు పోసి, కిటికీకి మూరెడు దూరంలో బల్లమీద పెట్టి, గదిలో దీపం ఆర్పెయ్యి. వెలుతురు రంగును కొలిచే కెల్విన్ల లెక్కలో పగటి వెలుతురు సుమారు 5500 దగ్గర ఉంటే పసుపు కాంతినిచ్చే ఇంటి బల్బు 2700 దగ్గర ఉంటుంది. మన కళ్ళు రెండింటికీ రాజీ కుదిర్చి ఒకటిగా చూపిస్తాయి గాని కెమెరాకు ఆ మొగమాటం లేదు, గ్లాసుకు ఒక పక్క నీలం, ఇంకో పక్క నారింజ పులిమి పెడుతుంది. దీపం ఆర్పాక వెలుతురుకు ఒక్కటే దిక్కు మిగులుతుంది. అప్పుడు గ్లాసును కదపకుండా నువ్వే దాని చుట్టూ తిరుగు. కిటికీ నీ వీపు వెనుక ఉన్నంతసేపు గ్లాసు చప్పగా ఉంటుంది. కిటికీ పక్కకు వచ్చేసరికి దానికి గుండ్రదనం వస్తుంది. కిటికీ గ్లాసుకు వెనుకగా వచ్చినప్పుడు అంచంతా వెలిగి, నీళ్ళలోంచి చూస్తే కిటికీ అవతలి దృశ్యం కుడి ఎడమలు తారుమారై కనిపిస్తుంది. నేను ఈ సంగతి ఏ పుస్తకంలోనూ చదవలేదు, జ్వరంతో మంచం పట్టినప్పుడు తలగడమీద నుంచి చూస్తూ కనిపెట్టాను.

కొత్తలో అందరూ దగ్గరికి వెళ్ళి అపర్చరును, అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రాన్ని, పూర్తిగా తెరిచి, వెనుకంతా మసకబారితే అదే కళ అనుకుంటారు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు, అంటే సెన్సరు పాత ఫిల్ము ఫ్రేమంత ఉన్నదానికి, 50 మిల్లీమీటర్ల లెన్సు పెట్టి 45 సెంటీమీటర్ల దూరం నుంచి అపర్చరు ఎఫ్ 1.8లో (ఈ అంకె ఎంత చిన్నదయితే రంధ్రం అంత పెద్దది) తీస్తే స్పష్టంగా వచ్చే లోతు ఒక సెంటీమీటరు కూడా ఉండదు. గ్లాసు ముందంచు దక్కుతుంది, వెనుకంచు కరిగిపోతుంది. రంధ్రాన్ని ఎఫ్ 8కి తగ్గిస్తే సుమారు మూడున్నర సెంటీమీటర్లు దక్కుతుంది గాని వెలుతురు ఇరవయ్యో వంతుకు పడిపోతుంది గనుక, 1/200 సెకను సరిపోయిన చోట 1/10 సెకను కావాలి. అంతసేపు చేతిలో కెమెరా నిలవదు. ట్రైపాడు లేకపోతే లావుపాటి పుస్తకాలు నాలుగు పేర్చి, వాటిమీద కెమెరా ఉంచి, రెండు సెకన్ల టైమరు పెట్టి చేతులు వెనక్కి తీసుకో. ఏది స్పష్టంగా ఉండాలో ముందు నిర్ణయించుకుని తరువాత అంకె ఎంచుకోవాలి. ఈ ఒక్క వరుస మారితే ఎంత ఖరీదైన లెన్సయినా నిన్ను ఆదుకోదు.

వస్తువుల విషయంలో నాకు నీమీద బెంగ లేదు. గ్లాసును ఎలా తీసినా అది నొచ్చుకోదు. కాని నడిచి వెళ్ళగలిగిన దూరంలో వస్తువులకన్నా ఎక్కువగా ఉండేది మనుషులు, అందులోనూ నిన్ను పేరు పెట్టి పిలిచే మనుషులు. నా గుబులంతా అక్కడే ఉంది. ఇది మీ అమ్మకు కూడా నేను పూర్తిగా చెప్పలేదు.

నాకు అప్పుడు ఇరవై ఆరేళ్ళు. మా పక్కింట్లో ఒక పెద్దాయన ఉండేవారు. రోజూ సాయంత్రం వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుని, నేను పని నుంచి వస్తుంటే చెయ్యి ఎత్తి పలకరించేవారు. ఒకనాడు నేను వచ్చేసరికి ఆయన అదే కుర్చీలో నిద్రపోతున్నారు. పడమటి ఎండ పక్కనుంచి పడుతోంది. కళ్ళజోడు ముక్కు చివరికి జారింది, కట్టుడు పళ్ళు తీసేసి ఉండడంతో నోరు లోపలికి పోయింది, ఒళ్ళోని పత్రిక సగం నేలమీద పడింది, కుడిచేతి వేళ్ళు మాత్రం దాన్ని ఇంకా పట్టుకునే ఉన్నాయి. నేను లోపలికి పరుగెత్తి కెమెరాకు 135 మిల్లీమీటర్ల లెన్సు బిగించి, గోడమీద మోచేతులు ఆనించి మూడు ఫ్రేములు తీశాను. ఫిల్ములో మిగిలినవి ఆ మూడే. వాటిలో రెండోది, ఈ మాట సిగ్గుపడుతూనే చెబుతున్నాను, నా జీవితంలో నేను తీసిన మంచి ఫొటోలలో ఒకటి. ఆ వేళ్ళమీది ముడతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు.

దాన్ని పెద్ద సైజులో ప్రింటు చేసి, ఫొటోలు తీసే మిత్రులమంతా కలిసి పెట్టుకున్న ప్రదర్శనలో ఉంచాను. దాని కింద 'వార్ధక్యం' అని పేరు రాశాను. బహుమతి వచ్చింది. చూసినవాళ్ళందరూ వెలుతురును మెచ్చుకున్నారు, నేనూ వెలుతురు గురించే మాట్లాడాను. మూడో రోజు సాయంత్రం ఆయన వచ్చారు. ఎవరో చెప్పారట, మీ ఫొటో గోడమీద పెట్టారని. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చారు. ఫొటో ముందు చాలాసేపు నిలబడి, కిందనున్న పేరు చదివి, నా వైపు తిరిగి, "నేనింత ముసలివాణ్ణి అయిపోయానా అబ్బాయ్?" అన్నారు. కోపంగా అని ఉంటే నా దగ్గర జవాబు ఉండేది. ఆయన నిజంగానే అడిగారు. ఆ పిల్ల మాత్రం ఫొటో వైపు కాకుండా నేల చూస్తూ ఉంది.

మర్నాటి నుంచి వరండాలో కుర్చీ లేదు. నేను పదకొండు రోజులు ఆ ఇంటి ముందు నుంచి తల దించుకుని నడిచి, పన్నెండో రోజు ప్రింటూ నెగెటివులూ కవరులో పెట్టుకుని వెళ్ళాను. ఆయన నన్ను కూర్చోబెట్టి, నా ఉద్యోగం గురించి అడిగి, ప్రింటు తీసుకుని, నెగెటివులు నాకే తిరిగి ఇచ్చేశారు. అవి చూడడం తనకు చేతకాదన్నారు. తరువాత, "సరైన ఫొటో ఒకటి తియ్యి" అన్నారు. తీశాను. కోటు వేసుకుని, పళ్ళు పెట్టుకుని, వీపు నిటారుగా ఉంచి, ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. గుర్తింపు కార్డుమీది ఫొటోలా వచ్చింది. ఆయన పోయాక ఇంట్లోవాళ్ళు గోడకు పెట్టుకున్నది అదే.

ఫొటోగా మొదటిదే గొప్పది. అది ఒప్పుకోకపోతే నీకు అబద్ధం చెప్పినట్టు అవుతుంది, రేపు నీకూ అలాంటి ఫొటోయే దొరికినప్పుడు నా మాట పనికిరాకుండా పోతుంది. నిద్రలేపి అడిగి ఉంటే ఆ ఫొటో ఉండేది కాదు, అదీ నిజమే. కాని తీసిన మర్నాడు చిన్న ప్రింటు పట్టుకుని గోడ అవతలికి వెళ్ళడానికి నాకు ఏమి అడ్డం వచ్చింది? నవ్వి సరేననేవారేమో, చించెయ్యమనేవారేమో. ఆ అవకాశం ఆయనకు ఇవ్వకుండా, నాకు చెయ్యెత్తి పలకరించే మనిషిని తీసుకెళ్ళి ఒక మాటకు బొమ్మగా తగిలించాను. ఆయన మళ్ళీ వరండాలో కూర్చోలేదు. ఆ నెగెటివు నా దగ్గరే ఉంది. ముప్ఫై నాలుగేళ్ళుగా దాన్ని ప్రింటు చేయలేదు.

అందుకని అమ్మాయీ, మనిషి గుర్తుపట్టేలా ఉన్న ఏ ఫొటోనయినా ముందు ఆ మనిషికే చూపించు, ఆ తరువాతే ఇంకెవరికైనా. నిద్రలో ఉన్నవాళ్ళనూ జబ్బులో ఉన్నవాళ్ళనూ ఏడుస్తున్నవాళ్ళనూ తీసి ఉంటే, వద్దంటే వాళ్ళ ఎదుటే తుడిచెయ్యి. పిల్లలయితే వాళ్ళ అమ్మానాన్నలను అడుగు. నువ్వు రోజూ ఫొటోను ఇంటర్నెట్‌లో పెడతానంటున్నావట. అది వినగానే నాకు నిద్ర పట్టలేదు. ఫోనుతో తీసిన ఫొటోలో ఎక్కడ తీశామో ఆ వివరం ఫైలులోనే దాగి ఉండవచ్చు, కెమెరాలలోనూ కొన్నిటికి ఆ సౌకర్యం ఉంటుంది. అది ఆపు. ఇంటి నంబరూ వాహనాల నంబర్లూ పిల్లల బడి దుస్తులమీది పేర్లూ ఫ్రేములోకి రానివ్వకు. ఏడాది పాటు ఒకే వీధిని, అదే వేళకు, ఆ రోజుది ఆ రోజే పెడుతూ పోతే, నువ్వు ఎక్కడ ఉంటావో ఎప్పుడు బయటికి వెళతావో ముక్కూ మొహం తెలియనివాడు కూడా చెప్పేయగలడు. నెల ఆలస్యంగా పెట్టు. మామయ్యకు చాదస్తం అనుకున్నా సరే, ఇది మాత్రం విను.

మనుషులను తీయవద్దని నేను అనను. తమ ఇంట్లోవాళ్ళను తీయనందుకు ఏడ్చినవాళ్ళను చాలామందిని చూశాను. ఆంద్రే కెర్తెస్ అనే ఫొటోగ్రాఫరు న్యూయార్కులో వాషింగ్టన్ స్క్వేర్ పక్కన పన్నెండో అంతస్తులో ఉంటూ, 1952 నుంచి కిటికీలోంచి కింద నడిచేవాళ్ళను తీశాడు. అంత ఎత్తు నుంచి వాళ్ళు మంచుమీద నల్ల గీతల్లా ఉంటారు. 1977లో భార్య పోయాక, ఆమెను గుర్తుకు తెచ్చిన చిన్న గాజు బొమ్మను అదే కిటికీలో పెట్టుకుని పోలరాయిడ్ కెమెరాతో తీసుకున్నాడు. ఎనభై దాటిన మనిషి, ఒక గాజు బొమ్మ, ఒక కిటికీ. నిన్ను గ్లాసుతో మొదలుపెట్టమనడం ఊరికే కాదు.

నెలకు ఒక ఫొటో ప్రింటు తీయించి, వెనుక తేదీ, చోటు, అందులో ఎవరున్నారో రాసి నాకు పంపు. నా పెట్టెలో పేర్లు లేని ముఖాలు బోలెడున్నాయి, వాళ్ళెవరో చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడు లేరు.

మీ అమ్మను తీయడం నీకు కష్టమవుతుందని ముందే చెబుతున్నాను. చిన్నప్పటి నుంచీ తనకు కెమెరా అంటే పడదు. నా నెగెటివులన్నిటిలో తను నాలుగు ఫ్రేముల్లో ఉంది, నాలుగింటిలోనూ లెన్సుకు అడ్డంగా చాచిన అరచేయి తప్ప ఇంకేమీ కనపడదు. వాటిలో ఒకదాన్ని ప్రింటు చేసి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. తీసినప్పుడు అడగలేదు గాని, పంపే ముందు ఫోను చేసి అడిగాను. ఏ చెయ్యి అని అడిగి, ఎడమదయితే పంపమంది.

నీ మామయ్య