ఆదివారం ఆట, శుక్రవారం ఆరాధన

తాతగారి జవాబులు

(కుటుంబం, విశ్వాసం, ప్రయాణాలు, ఆటల గురించి పాఠకులు రాసే ఉత్తరాలకు నరసాపురంలో ఉంటున్న ఒక విశ్రాంత డ్రిల్లు మాస్టారు ఈ శీర్షికలో సమాధానాలిస్తారు.)

ప్రశ్న: మా అబ్బాయికి పదమూడేళ్లు. ఫుట్‌బాల్ అంటే ప్రాణం. జిల్లా జట్టు ఎంపికల కోసం ఆదివారం ఉదయం ఏడు నుంచి పదిన్నర దాకా శిక్షణ ఇస్తున్నారు. మా మందిరంలో ఆరాధన పది గంటలకు. మా మావయ్యగారు సంఘ పెద్ద. మనవడు మందిరం మానేసి బంతి తంతుంటే సంఘంలో తలెత్తుకోలేనని ఆయన అంటున్నారు. మైదానానికి వెళ్లొద్దంటే వీడు అన్నం మానేస్తున్నాడు. నేను ఎవరివైపు మాట్లాడాలి? — ఒక తల్లి, అమలాపురం

జవాబు: అమ్మా, ముందుగా మీ మావయ్యగారి బాధ ఎక్కడి నుంచి వచ్చిందో మీ అబ్బాయికి చెప్పండి, ఎందుకంటే ఈ సంగతి వాడికి ఇంతవరకూ ఎవరూ చెప్పి ఉండరు. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు నరసాపురం కేంద్రంగా మన డెల్టాలో పని మొదలుపెట్టారు. 1847లో కాటన్ దొరగారు ధవళేశ్వరం ఆనకట్ట కట్టించడం ప్రారంభించాక అక్కడ చేరిన కూలీలకు కూడా వారు వాక్యం వినిపించారు. రెక్కాడితే గాని డొక్కాడని కుటుంబాలకు వారంలో ఒక పూట ఉతికిన బట్ట కట్టుకుని, నలుగురితో సమానంగా చాప మీద కూర్చుని, పేరు చివర ‘గారు’ చేర్చి పిలిపించుకునే చోటు మందిరమే అయింది. ఆదివారం పొలానికి రాలేమని ఆసామి ముందు నిలబడి చెప్పడానికి ఆ తరంవారికి ఎంత గుండె ధైర్యం కావలసివచ్చిందో మనం ఊహించుకోవలసిందే. మీ మావయ్యగారికి ఆదివారం పెద్దలు సంపాదించి పెట్టిన ఆస్తి, దాన్ని మనవడు చులకనగా వదిలేస్తున్నాడని ఆయన దిగులు పడటంలో ఆశ్చర్యం లేదు.

ఇక మీ మావయ్యగారికి చెప్పవలసిన సంగతి ఒకటుంది. ఎరిక్ లిడెల్ పేరు ఆయన తప్పక విని ఉంటారు, ఎందుకంటే సండే స్కూలు టీచర్లందరికీ ఆయన కథ కంఠతా వచ్చు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల పరుగు తొలి దశ పోటీలు ఆదివారం జరుగుతాయని తెలిసి ఆయన అందులో పరుగెత్తడానికి ఒప్పుకోలేదు. దానికి బదులు నాలుగు వందల మీటర్లకు సిద్ధమై, 47.6 సెకండ్లలో పరుగు పూర్తి చేసి బంగారు పతకం గెలిచారు. మన పాస్టర్లు సాధారణంగా కథను ఇక్కడితో ఆపి ఆమెన్ చెప్పిస్తారు. నాకు మాత్రం ఆ తరువాతి భాగమే ఎక్కువ ఇష్టం. లిడెల్ 1925లో మిషనరీగా చైనా వెళ్లారు, యుద్ధకాలంలో జపానువారు ఆయనను మరెందరో విదేశీయులతో పాటు వెయ్‌షియెన్ అనే చోట నిర్బంధ శిబిరంలో పెట్టారు. తల్లిదండ్రులు దగ్గర లేని పిల్లలు ఆ శిబిరంలో చాలామంది ఉండేవారు, లిడెల్ వాళ్లకు పాఠాలు చెబుతూ ఆటలు ఆడించేవారు, అయితే ఆదివారం మాత్రం ఆడించేవారు కాదు. ఒక ఆదివారం పిల్లలు తమంతట తామే హాకీ ఆట పెట్టుకున్నారు, రిఫరీ లేకపోవడంతో ఆట కాస్తా కొట్లాటగా మారింది. ఆ మరుసటి ఆదివారం లిడెల్ స్వయంగా వచ్చి రిఫరీగా నిలబడ్డారు. తన పతకం కోసం ఆదివారం పరుగెత్తనన్న మనిషి, కొట్టుకుంటున్న పిల్లల కోసం ఆదివారమే మైదానంలోకి దిగారన్నమాట. 1945 ఫిబ్రవరిలో ఆయన ఆ శిబిరంలోనే కన్నుమూశారు.

ఈ రెండు సంఘటనలనూ పక్కపక్కన పెట్టి మీ మావయ్యగారిని ఆలోచించమనండి. మొదటిసారి మానుకున్నదీ, రెండోసారి వెళ్లిందీ లిడెల్ తన మనస్సాక్షిని బట్టే; వెనక నుంచి ఎవరూ చెవి మెలిపెట్టలేదు. మీ అబ్బాయి అన్నం మానేసేది మైదానం కోసమే అయినా, ఇంట్లో తన మాట ఎవరూ అడగలేదన్న ఉక్రోషం కూడా అందులో ఉండి ఉంటుంది. పదమూడేళ్లవాడికి మొత్తం నిర్ణయం అప్పజెప్పమని నేను అనను, కాని వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోకుండా ఆ నిర్ణయం చేయకండి.

పని జరగడానికి ఒక దారి చెబుతాను. మన వైపు ఎండకు ఎనిమిది దాటితే మైదానంలో నిలబడటమే కష్టం, కాబట్టి శిక్షణ ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ముగిస్తే పిల్లలకూ మేలే. ఈ మాట కోచ్‌తో మీరు కాకుండా మీ మావయ్యగారినే మాట్లాడమనండి. ఆ కోచ్ కూడా మిగతా రోజుల్లో ఎక్కడో ఉద్యోగం చేసుకుంటూ ఆదివారం ఒక్కటే ఖాళీ చేసుకున్న మనిషై ఉంటాడు, తెల్ల పంచె కట్టుకున్న పెద్దాయన గట్టు మీదికి వచ్చి అడిగితే కాదనడు. మీ మావయ్యగారు వెళ్లినప్పుడు ఒక అరగంట అక్కడే కూర్చోవాలి. రాత్రి వానకు కరిగిపోయిన సున్నపు గీతలను పిల్లలు డబ్బాతో మళ్లీ పోసుకోవడం, ఒకడు పడితే అవతలి జట్టువాడు చెయ్యిచ్చి లేపడం ఆయన కళ్లారా చూడాలి. అసలు ఎంపికలు కూడా ఆదివారమే వస్తే మాత్రం, ఆ ఒక్క రోజు వాణ్ణి వెళ్లనివ్వండి. మా ఇంట్లో అయితే నేను వెళ్లనిచ్చేవాణ్ణి, సాయంత్రం వాడితోపాటు కూర్చుని ఆ రోజు వాక్యం చదివేవాణ్ణి.

ప్రశ్న: సాయంత్రం కుటుంబ ప్రార్థనకు కూర్చుంటే మనవళ్లు ఒడిలో ఫోను పెట్టుకుని చూస్తున్నారు. మందలిస్తే మొహం ముడుచుకుంటున్నారు. మా చిన్నతనంలో ఇలా ఉండేదా? — ఒక నాయనమ్మ, పాలకొల్లు

జవాబు: అక్కగారూ, మన చిన్నతనంలో ఫోను లేదు గనుక నిద్రపోయేవాళ్లం. మోకాళ్ల మీద ఉండి మంచానికి తల ఆనించి నిద్రపోతే భక్తిగా ఉన్నాడనుకునేవారు. ఫోను చూస్తున్నవాడికి పాపం ఆ సౌకర్యం లేదు, తెర వెలుగు పట్టిస్తుంది. కోపం తెచ్చుకోనంటే ఒక మాట: మన ప్రార్థనలు మరీ పొడవు. దేశంలోని పాలకుల దగ్గర మొదలుపెట్టి, విదేశాల్లో ఉన్న బంధువులందరి పేర్లూ వరుసగా చెప్పి, చివరికి వంటగదిలోని పాలగిన్నె దాకా వచ్చేసరికి పిల్లల ఓపిక అయిపోతుంది. సగానికి తగ్గించండి, వాక్యం పిల్లల చేతే చదివించండి. ఫోనులో ఉన్న బైబిలులో చదువుతామంటే చదవనివ్వండి.

పౌలు తిమోతికి రాసిన రెండో పత్రిక మొదటి అధ్యాయంలో, అతని విశ్వాసం మొదట అవ్వ లోయిలోనూ తరువాత తల్లి యునీకేలోనూ ఉండిందని ప్రత్యేకంగా గుర్తు చేస్తాడు. అపొస్తలుల కార్యములు చూస్తే ఆ కుర్రవాడి తండ్రి గ్రీసు దేశస్థుడు, కాబట్టి ఇంట్లో దేవుని మాట నేర్పే పని ఆ ఇద్దరు ఆడవాళ్ల మీదే పడి ఉంటుంది. లోయి ఎంతసేపు ప్రార్థన చేసేదో పౌలు రాయలేదు. మీ మనవళ్లు మిమ్మల్ని ప్రార్థనలో కన్నా పాలవాడితో, పనిమనిషితో మాట్లాడుతుండగా ఎక్కువసేపు చూస్తారు, అక్కడ నేర్చుకునేది అక్కడ నేర్చుకుంటూనే ఉన్నారు.

ప్రశ్న: నా భార్య ప్రభువు దగ్గరికి వెళ్లాక రాజోలులో ఒంటరిగా ఉంటున్నాను. అమ్మాయి దోహాలో, అబ్బాయి అమెరికాలో. ఇల్లూ కొబ్బరితోటా అమ్మేసి వచ్చేయమని ఇద్దరూ పోరుతున్నారు. వెళ్లబుద్ధి కావడం లేదు, కాదంటే పిల్లలు నొచ్చుకుంటారు. — ఒక తాత, రాజోలు

జవాబు: అన్నగారూ, రెండో సమూయేలు గ్రంథం పందొమ్మిదో అధ్యాయం ఒకసారి తీసి చదవండి. గిలాదువాడైన బర్జిల్లయి, కష్టకాలంలో దావీదుకు అన్నం పెట్టిన మనిషి, అప్పటికి ఎనభై ఏళ్లవాడు. రాజు తిరిగి వెళుతూ తనతో యెరూషలేముకు వచ్చేయమనీ, అక్కడ తానే పోషిస్తాననీ అడుగుతాడు. ముసలాయన ఇచ్చిన జవాబు అచ్చంగా మన రచ్చబండ దగ్గర కూర్చున్న పెద్దమనిషి ఇచ్చినట్టే ఉంటుంది: తిన్నదాని రుచి తెలియని వయసు, పాడేవారి గొంతు వినపడని వయసు, నీకెందుకు నేను బరువు కావడం, మా అమ్మానాన్నల సమాధి ఉన్న ఊళ్లోనే నన్ను పోనివ్వు. అలాగని కోపంగా తలుపు వేసుకోలేదు. రాజుతో కలిసి యొర్దాను నది దాటి కొంతదూరం సాగనంపాడు, తన బదులు కింహాము అనే పడుచువాణ్ణి రాజుతో పంపాడు, ముద్దు పెట్టించుకుని, దీవెన అందుకుని ఇంటికి తిరిగివచ్చాడు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వరకూ వచ్చి పిల్లల్ని రైలెక్కించి వెళ్లే మీ ఊరివాళ్లను చూసినప్పుడల్లా నాకు బర్జిల్లయే గుర్తొస్తాడు.

కాబట్టి వెళ్లండి, తిరిగిరండి. తోట అమ్మకండి, కౌలుకిచ్చినా సరే, తిరిగి రావడానికి ఒక గుమ్మం మిగలాలి. మొదట దోహా చూడండి, ప్రయాణం చిన్నది. నేను వెళ్లినప్పుడు నాకు వింతగా తోచిన సంగతి, అక్కడ వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు కావడంతో క్రైస్తవులు ఎక్కువగా శుక్రవారమే ఆరాధనకు చేరతారు. ఊరి శివార్లలో మెసైమీర్ అనే చోట ప్రభుత్వం కేటాయించిన ఒకే ఆవరణలో రకరకాల సంఘాల మందిరాలున్నాయి. బయటి నుంచి సిలువ కనిపించదు, లోపలికి వెళ్లాక ఒక గదిలో మలయాళం, పక్క గదిలో ఫిలిప్పీన్స్‌వారి పాట వినిపిస్తాయి. ఇళ్లలో పనికి కుదిరిన మన కోనసీమ ఆడవాళ్లలో సెలవు దొరికినవాళ్లు అక్కడ తెలుగు పాట ఎత్తుకుంటే నా వయసువాడికి కూడా గొంతు పట్టేసింది. సెలవు దొరకనివాళ్ల సంగతి వాళ్లే చెప్పారు, అది రాయడానికి ఈ పేజీ చాలదు. అమలాపురం తల్లిగారు రాసిన ఆదివారం తగవు గురించి నేను కొంచెం మెత్తగా మాట్లాడటానికి ఆ శుక్రవారం ఆరాధన కూడా ఒక కారణమే.

అమెరికాకు సందర్శకుల వీసా మీద వెళ్లేవారికి మామూలుగా ఆరు నెలల వరకు ఉండనిస్తారు. అంతకాలం సరిపడా బి.పి., షుగరు మందులు డాక్టరు చీటీతో సహా చేతిసంచిలోనే పెట్టుకోండి, పెద్ద పెట్టెలో వేయకండి. వైద్య బీమా చేయించకుండా విమానం ఎక్కవద్దు, అక్కడ ఆసుపత్రి ఖర్చు పిల్లలు మోయలేరు. చలికాలంలో వెళ్లకండి. మంచు అందంగానే ఉంటుంది, కాని మన మోకాళ్లు కోనసీమలో పుట్టినవి.

ప్రశ్న: తాతగారూ, మీ ఫుట్‌బాల్ జట్టు ఏది? మన దేశం ఫుట్‌బాల్‌లో ఎప్పుడైనా గెలిచిందా అంటే మా క్లాసులో అందరూ నవ్వుతున్నారు. — ఎనిమిదో తరగతి విద్యార్థి, భీమవరం

జవాబు: మనవడా, నా జట్టు నెదర్లాండ్స్. డచ్చివారు ఒకప్పుడు మన పాలకొల్లులో బట్టల వ్యాపారం చేసుకున్నారు, వాళ్ల సమాధులు ఇప్పటికీ అక్కడ ఉన్నాయి, ఆ చుట్టరికం చాలు నాకు. 1974లో, 1978లో, 2010లో ప్రపంచకప్ ఫైనల్ దాకా వచ్చి మూడుసార్లూ ఓడిపోయారు. అలాంటి జట్టును మధ్యలో వదిలేయడం బాగుండదు. 2022 ఫైనల్ డిసెంబరు 18, ఆదివారం రాత్రి పడింది. క్రిస్మస్ క్యారల్స్‌కు బయలుదేరిన మా సంఘం కుర్రాళ్లు ఇంటింటికీ పాట త్వరత్వరగా ముగించి లోపల టీవీలో స్కోరు చూస్తుంటే నేను చూడనట్టు ఊరుకున్నాను. అర్జెంటీనా, ఫ్రాన్సు చెరి మూడు గోల్స్ కొట్టి పెనాల్టీల దాకా వెళ్లిన ఆట అది, ఎవరిని తప్పు పట్టమంటావు?

ఇక నవ్వే సంగతి. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాయకుడు టాలిమెరెన్ ఆవ్, నాగా కొండల్లోని ఒక బాప్టిస్టు పాస్టరుగారి కొడుకు. మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో ఆడి ఫ్రాన్సు చేతిలో 2–1తో మాత్రమే ఓడారు, అదీ రెండు పెనాల్టీలు పోగొట్టుకుని. ఆవ్ తరువాత డాక్టరు చదువు పూర్తిచేసి తన కొండల్లోకే వైద్యానికి వెళ్లిపోయారు. ఆ తరువాత హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం గారి కాలం వచ్చింది. బళ్లో పాఠాలు చెప్పుకునే మాస్టారు ఆయన. ఆయన శిక్షణలోనే మన జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. ఆయన చివరి పెద్ద టోర్నమెంటు 1962 జకార్తా ఆసియా క్రీడలు. తలకు గాయమై కుట్లు పడిన డిఫెండరు జర్నైల్ సింగ్‌ను ఆయన ముందుకు పంపి ఫార్వర్డుగా ఆడించారు, ఆ మనిషే ఫైనల్‌లో గోల్ కొట్టాడు. అప్పటికే జబ్బుతో ఉన్న రహీం గారు మరుసటి ఏడాది జూన్‌లో క్యాన్సరుతో పోయారు. మన తెలుగు నేల మీది మనిషి పేరు మన పిల్లలకు తెలియకపోవడం నాబోటి డ్రిల్లు మాస్టర్ల చేతకానితనమే అనుకో.

నవ్వినవాళ్లు మళ్లీ అడిగితే ముందు తేదీ చెప్పు: 1962 సెప్టెంబరు 4. దక్షిణ కొరియా మీద 2–1.