కన్సోల్ కొరత నిజమేనా? అదనపు సొమ్ము ఎవరి జేబులోకి?

ప్రశ్న: మాది గాజువాక. పరవాడలోని ఒక మందుల కర్మాగారంలో కాంట్రాక్టు ఉద్యోగం చేస్తున్నాను. నెలకు 46,000 రూపాయలు చేతికి వస్తాయి, పొదుపు 30,000 ఉంది. తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయికి సంక్రాంతికి గేమింగ్ కన్సోల్ (టీవీకి తగిలించి వీడియో ఆటలు ఆడే పెట్టె) కొంటానని మాటిచ్చాను. పెట్టె మీద ధర 54,990. నెల రోజులుగా ద్వారకానగర్, డాబాగార్డెన్స్ దుకాణాలన్నీ తిరిగినా స్టాక్ లేదంటున్నారు. ఒక చిన్న దుకాణదారు మాత్రం 68,000 అయితే వెంటనే ఇస్తానని, తేడాను ఇన్‌స్టాలేషన్ ఛార్జీగా రాస్తానని అంటున్నాడు. క్రెడిట్ కార్డు మీద పన్నెండు వాయిదాల్లో కొనవచ్చా? ఇదంతా కంపెనీలు కావాలని సృష్టించే కొరత అని మా బావమరిది వాదన. నగలు తాకట్టు పెట్టి, హైదరాబాద్‌లో తెలిసినవారి దగ్గర 60,000 చొప్పున మూడు పెట్టెలు కొని, పండగ ముందు 70,000కు అమ్ముదామని కూడా అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: 68,000 పెట్టి కొనవద్దు, నగల జోలికి అసలే వెళ్లవద్దు. మీ బావమరిది అనుమానంలో కొంత నిజం లేకపోలేదు గానీ, ఆ అనుమానం పడవలసిన చోట పడలేదని నా అభిప్రాయం.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో వేట నిషేధం ఉన్నప్పుడు మన విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో వంజరం ధర పెరిగితే, మత్స్యకారులు చేపలను దాచిపెట్టారని ఎవరూ అనరు. కొరత నిజమైనదే. అయితే ఆ కొరతలో లాభపడేది ఒడ్డున కట్టేసిన పడవ యజమాని కాదు, ముందే ఐసులో సరుకు నిలవ చేసుకున్న వ్యాపారి. కన్సోళ్ల విషయంలోనూ దాదాపు ఇదే జరుగుతుంది. మీరు అదనంగా కట్టబోయే 13,010 రూపాయల్లో తయారీ సంస్థకు ఒక్క రూపాయి కూడా చేరదు.

కంపెనీల మీద ఈ అనుమానం కొత్తది కాదు. 2000 అక్టోబరులో ప్లేస్టేషన్ 2 అనే కన్సోల్ అమెరికాలో విడుదలైనప్పుడు దాన్ని తయారుచేసే సోనీ పది లక్షలు పంపుతామని చెప్పి, విడిభాగాలు అందక, ఐదు లక్షలే పంపగలిగింది. 2006 నవంబరులో వచ్చిన నింటెండో సంస్థ కన్సోల్ 'వీ' రెండు పండగ సీజన్లు గడిచినా అమెరికా దుకాణాల్లో సులభంగా దొరకలేదు, కావాలనే తక్కువ తయారు చేస్తున్నారన్న ఆరోపణను ఆ సంస్థ ఖండిస్తూనే వచ్చింది. 2007 డిసెంబరులో అదే సంస్థ ఒక పెద్ద దుకాణాల గొలుసుతో కలిసి, పూర్తి ధర ముందే కట్టించుకుని జనవరి నెలాఖరుకల్లా పెట్టె ఇస్తామన్న చీటీలను అమ్మింది. కొరతను పెంచి పోషించాలనుకునేవారు అలాంటి చీటీలు అమ్ముతారని నేను అనుకోను. 2020 నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ 5 సంగతి మీకూ గుర్తుండే ఉంటుంది. మన దేశంలో 49,990 రూపాయల ధరతో 2021 ఫిబ్రవరి 2న విడుదల కాగా, అంతకు మూడు వారాల ముందు తెరిచిన బుకింగులు నిమిషాల్లో అయిపోయాయి. అప్పుడు చిప్‌లే లేవు. ఒక చిప్ తయారీ మొదలై బయటికి రావడానికి మూడు నెలలకు పైగా పడుతుంది, కొత్త కర్మాగారం కట్టాలంటే ఏళ్లు పడుతుంది. పండగకు ముందు ఆరు వారాల గిరాకీ కోసం కర్మాగారం కట్టి, మిగతా ఏడాదంతా దాన్ని ఖాళీగా ఉంచే వ్యాపారి ఎవరూ ఉండరు.

పైగా ఈ వ్యాపారంలో పెట్టె మీద వచ్చే లాభం స్వల్పం, మొదట్లో చాలాసార్లు నష్టమే. ప్లేస్టేషన్ 5లో డిస్కులు వేసి ఆడే మోడల్ ఇక నష్టానికి అమ్ముడుపోవడం లేదని సోనీ చెప్పింది 2021 ఆగస్టులో, అంటే విడుదలైన తొమ్మిది నెలలకు. అసలు రాబడి ఆటలు, సభ్యత్వాల మీద వస్తుంది. ఇంట్లో కన్సోల్ లేని పిల్లవాడు ఆటలు కొనడు కాబట్టి, దుకాణంలో అలమార ఖాళీగా ఉంటే కంపెనీకీ నష్టమే.

అలాగని కంపెనీలన్నిటికీ నేను మంచి మార్కులు వేయడం లేదు. 2016 నవంబరులో నింటెండో 59.99 డాలర్లకు తెచ్చిన ఎన్ఈఎస్ క్లాసిక్ అనే చిన్న పాతకాలపు పెట్టెను, జనం ఇంకా అడుగుతుండగానే, 2017 ఏప్రిల్‌లో ఆపేశారు. దాన్ని సమర్థించే వాదన నాకు ఏదీ దొరకలేదు. కానీ 2018 జూన్‌లో అదే పెట్టె అదే ధరకు తిరిగి దుకాణాల్లోకి వచ్చింది, మధ్యలో రెండు మూడు రెట్లు పెట్టి కొని దాచినవారి సరుకు విలువ ఒక్కసారిగా పడిపోయింది. మీ బావమరిదికి చెప్పవలసిన ముఖ్యమైన ఉదాహరణ ఇదే.

ఇప్పుడు మీ లెక్కకు వస్తాను. 68,000 రూపాయలను ఏడాదికి 16 శాతం వడ్డీతో పన్నెండు వాయిదాలుగా మారిస్తే నెలకు సుమారు 6,170 అవుతుంది. మొత్తం 74,040. అందులో 6,040 వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ మరో 1,087, ప్రాసెసింగ్ ఫీజు వేరు. 54,990 రూపాయల వస్తువుకు 75,000 దాటి కడుతున్నారన్నమాట. 'నో కాస్ట్' వాయిదాలన్న ప్రకటన కనిపించినా వడ్డీ లేదని అనుకోవద్దు. సున్నా వడ్డీ అనేది నిజానికి ఉండదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టంగా చెప్పింది. ఆ వడ్డీని ధరలోనో, మీకు దక్కవలసిన తగ్గింపులోనో సర్దుతారు.

అదే 6,170 రూపాయలను జనవరి నుంచి రికరింగ్ డిపాజిట్‌లో వేస్తూ వెళ్లండి. సెప్టెంబరుకు తొమ్మిది వాయిదాలతో 55,530 అవుతుంది, ఆరు శాతం వడ్డీ లెక్కన మరో 1,400 దాకా కలుస్తుంది. దసరా ముందు, దుకాణాలు తగ్గింపులు ప్రకటించే రోజుల్లో, పూర్తి నగదుతో వెళ్లి కొనవచ్చు. అప్పు మీద కొంటే అప్పటికింకా మూడు వాయిదాలు మిగిలి ఉంటాయి. కాంట్రాక్టు ఉద్యోగంలో ఆ మూడు వాయిదాల బరువు ఎంతో మీకు నేను చెప్పనక్కరలేదు. ఈలోగా జూన్‌లో అబ్బాయి పదో తరగతి ఫీజు కూడా ఉంటుంది.

ఆ ఇన్‌స్టాలేషన్ ఛార్జీ సంగతి చదివి నవ్వు వచ్చింది. టీవీకి ఒక తీగ, గోడ ప్లగ్గుకు ఒక తీగ తగిలిస్తే పని చేసే వస్తువుకు 13,010 రూపాయల ఇన్‌స్టాలేషన్ ఏమిటి? ముద్రించిన గరిష్ఠ చిల్లర ధర కన్నా ఎక్కువకు దుకాణదారు అమ్మకూడదన్న నిబంధనను తప్పించుకోవడానికి వేసిన ఎత్తు అది. ఎవరైనా రెండు ఆటలు, అదనపు కంట్రోలర్ (చేత్తో పట్టుకుని ఆడే మీటల పరికరం) కొంటేనే పెట్టె ఇస్తామని బలవంతం చేయడం కూడా వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పే. తూనికలు కొలతల శాఖకు గానీ, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు గానీ ఫిర్యాదు చేయవచ్చు. పెట్టె చేతికి వచ్చినప్పుడు వెనక అంటించిన చీటీని చూడండి. దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ ధర దాని మీద ఉండాలి. ఆ చీటీ లేకపోతే అది దొంగదారిన వచ్చిన సరుకు కావచ్చు, మరమ్మతు వస్తే ఇక్కడ వారంటీ వర్తించకపోవచ్చు.

బావమరిది పథకంలో పెట్టుబడి 1,80,000. అనుకున్నట్టే జరిగితే వచ్చేది 30,000, అందులోంచి బంగారం రుణం వడ్డీ, రవాణా ఖర్చు పోతాయి. జనవరి రెండో వారంలో దుకాణాలకు ఒక్క లాట్ వచ్చిందంటే, ఇంకొకరి పేరున బిల్లు ఉన్న పెట్టెను ఎవరూ పూర్తి ధరకు కూడా కొనరు. 52,000కు వదిలించుకోవలసి వస్తే మూడింటి మీద 24,000 నష్టం, నగలు మాత్రం తాకట్టులోనే ఉంటాయి. ముద్రించిన ధరకు మించి అమ్మే పని మీరే చేసినట్టవుతుందన్నది వేరే సంగతి.

అబ్బాయికి ఇచ్చిన మాట గురించి కూడా రాయాలి. తొమ్మిదో తరగతి పిల్లవాడికి ఈ లెక్క అర్థమవుతుంది. పండగ రోజున డిపాజిట్ రసీదు చూపించి, ఏ నెలలో కొంటారో చెప్పండి. ఈలోగా ఏదైనా దుకాణం నుంచి ముద్రించిన ధరకే ఇస్తామని ఫోను వచ్చినా, ఆ 30,000 పొదుపును కదిలించవద్దు. రెండో లాట్ కూడా వస్తుంది.