11ఎ సీటు సరే, ఆ 60 వేల సంగతేంటి?

ప్రశ్న: మాది నరసరావుపేట దగ్గర పల్లె. మా అమ్మాయి గుంటూరులో బీటెక్ చేసింది. డల్లాస్ దగ్గర ఒక యూనివర్సిటీలో ఎమ్మెస్ సీటు వచ్చింది, వీసా కూడా అయిపోయింది. ఆగస్టులో ప్రయాణం. మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ విమానం ఎక్కలేదు. అహ్మదాబాద్ ప్రమాదం టీవీలో చూసినప్పటి నుంచి వాళ్ల నాన్నకు నిద్ర లేదు. 11ఎ సీటే బుక్ చేయాలని పట్టుబడుతున్నారు. వీసా ముద్ర పడ్డాక ఇక ఎవరూ ఆపలేరని బంధువులు అంటుంటే, ఎయిర్‌పోర్టు నుంచే వెనక్కి పంపేస్తున్నారని పక్కింటివాళ్లు అంటున్నారు. పది వేల డాలర్లు దాటితే పట్టుకుంటారట. కన్సల్టెన్సీ అతను 60 వేలు కడితే దిగిన వారంలో పార్ట్‌టైమ్ ఉద్యోగం చూపిస్తాడట, లోను వాయిదాలు దాంతోనే తీరిపోతాయట. ఏది నమ్మాలి? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఇంటిల్లిపాదినీ భయపెడుతున్నది విమానం. నన్ను భయపెట్టింది మాత్రం చివర్లో మీరు మామూలుగా రాసేసిన ఆ 60 వేల మాట. దాని దగ్గరికి వస్తాను. ముందు వాళ్ల నాన్నగారికి కాస్త నిద్ర పట్టాలి కదా.

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో కూలిన విమానంలో 242 మంది ఉంటే, ప్రాణాలతో బయటపడింది 11ఎ సీటులో ఉన్న ఒక్కరే. అప్పటి నుంచి ఆ నంబరు అదృష్టమని ప్రచారం. ఆ బోయింగ్ 787లో 11ఎ అత్యవసర ద్వారం పక్కన ఉంది. మీ అమ్మాయి ఎక్కే విమానంలో అదే నంబరు ఇంకెక్కడో ఉండొచ్చు, అసలు లేకపోనూ వచ్చు. నంబరులో మహిమేమీ లేదు. సీటు ఎంచుకునే వీలుంటే నడవ పక్కది తీసుకోమనండి. గల్ఫ్ మీదుగా వెళ్తే అక్కడి నుంచి డల్లాస్‌కు దాదాపు 16 గంటలు. పక్కవాళ్లను లేపకుండా అప్పుడప్పుడూ లేచి నాలుగడుగులు వేయొచ్చు. కూర్చోగానే తన వరస నుంచి తలుపు దాకా ముందుకెన్ని వరసలో, వెనక్కెన్నో లెక్కపెట్టుకోమనండి. పొగ కమ్మితే సీట్లు తడుముకుంటూ వెళ్లాల్సిందే, అప్పుడు పనికొచ్చేది ఆ లెక్కే.

ఇక గాల్లో గుంతలుంటాయని, విమానం అందులో పడిపోతుందని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. గుంతలేమీ ఉండవు. గాలి ప్రవాహాల తేడా వల్ల కుదుపు వస్తుంది. రెక్కలు ఊగుతూ కనిపిస్తాయి, వాటిని అలా వంగేటట్టే కడతారు. 2024 మేలో లండన్ నుంచి సింగపూర్ వెళ్తున్న విమానం భారీ కుదుపుకు లోనై బ్యాంకాక్‌లో దిగింది. ఒక ప్రయాణికుడు చనిపోయారు, పదుల సంఖ్యలో గాయపడ్డారు. విమానం మాత్రం క్షేమంగానే దిగింది. ఇలాంటప్పుడు దెబ్బలు తగిలేది ఎక్కువగా బెల్టు లేక పైకి ఎగిరిపడేవాళ్లకు. అందుకే సైన్ ఆరిపోయినా, నిద్రపోతున్నా బెల్టు నడుముకు ఉండాలి. విమానం గురించి ఇంతకంటే భయం అనవసరం.

వీసా విషయంలో మీ బంధువులదీ, పక్కింటివాళ్లదీ చెరి సగం నిజం. వీసా ముద్ర అంటే అమెరికా గుమ్మం దాకా వచ్చి తలుపు తట్టడానికి అనుమతి. లోపలికి రానివ్వాలా వద్దా అన్నది అక్కడి ఇమిగ్రేషన్ అధికారి చేతిలో ఉంటుంది. అబుదాబి మీదుగా వెళ్తే ఈ తనిఖీ అబుదాబిలోనే అయిపోతుంది, అమెరికాలో దిగాక మళ్లీ ఉండదు. ఏ కాలేజీ, ఏ కోర్సు, ఫీజు ఎవరు కడుతున్నారు, ఎక్కడ ఉంటావు అని అడుగుతారు. ఇవి మీ అమ్మాయికి తెలిసినవే, బట్టీ పట్టనక్కరలేదు. అసలు చిక్కు బట్టీ పట్టినప్పుడే వస్తుంది: నోటి మాట ఒకటి, కాగితం మీద ఇంకొకటి, ఫోనులో వేరొకటి ఉన్నప్పుడు. ఫోను తెరిచి చూసే అధికారం వాళ్లకుంది. ‘గ్యాస్ స్టేషన్‌లో పని ఎప్పుడు మొదలు?’ లాంటి చాట్ కనిపిస్తే, ఈ అమ్మాయి చదువుకోడానికి వచ్చిందా, సంపాదనకా అన్న అనుమానం వస్తుంది. ముందే చాట్లు చెరిపేయమని సలహా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. చెరపాల్సిన మాటలు అసలు రాయకపోవడం మేలు. అక్కడే వెనక్కి పంపే ఉత్తర్వు ఇస్తే అయిదేళ్ల నిషేధం కూడా పడొచ్చు.

పాస్‌పోర్టు, తన సంతకం ఉన్న ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే అర్హత పత్రం), సెవిస్ (విదేశీ విద్యార్థుల నమోదు వ్యవస్థ) ఫీజు రసీదు, అడ్మిషన్ లెటర్, డబ్బు చూపించే కాగితాలు చేతిలో ఉండే బ్యాగులోనే పెట్టాలి. పెద్ద సూట్‌కేసులో అడుగున భద్రంగా దాచి, కౌంటరు దగ్గర బిక్కమొహం వేసే పిల్లలు ఏటా ఉంటారు. ఐ-20 మీద రాసిన కోర్సు ప్రారంభ తేదీకి 30 రోజుల కంటే ముందు వెళ్లకూడదు, టికెట్ కొనేముందు అది చూసుకోండి. గల్ఫ్‌లో విమానం మారితే సామాను మామూలుగా అదే వెళ్తుంది. అబుదాబిలో తనిఖీ కాకపోతే, అమెరికాలో మొదట దిగిన చోట మాత్రం తీసుకోవాలి. అక్కడి నుంచి ఇంకో విమానం ఉంటే మళ్లీ అప్పగించాలి. దిగిన రెండు రోజుల్లో ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు నమోదు పత్రం) ఆన్‌లైన్‌లో తీసి, పేరు, పుట్టిన తేదీ, ఎఫ్-1 (విద్యార్థి వీసా) అన్న తరగతి సరిగ్గా పడ్డాయో లేదో చూడమనండి. తప్పుంటే వెంటనే కాలేజీ ఆఫీసుకు చెప్పాలి.

డబ్బు గురించి రెండు ముక్కలు. పది వేల డాలర్లు దాటి తీసుకెళ్లడం అమెరికాలో నేరం కాదు, దాటినా చెప్పకపోవడం నేరం. అయినా మీకు ఆ బాధ రాదు. మన నిబంధనల ప్రకారం ఒక్కో ప్రయాణానికి విదేశీ నోట్ల రూపంలో 3,000 డాలర్ల వరకే తీసుకెళ్లొచ్చు. మిగతాది ఫారెక్స్ కార్డులో (విదేశీ కరెన్సీ వేసుకునే బ్యాంకు కార్డు) వేయండి, ఫీజు బ్యాంకు నుంచి నేరుగా కాలేజీకి పంపండి.

సామాను దగ్గర మన ఇళ్లల్లో జరిగే రభస నాకు తెలుసు. ఆవకాయ, గోంగూర బాగా సీలు చేసి చెకిన్ లగేజీలో పెట్టండి. చేతి బ్యాగులో అయితే ద్రవాలకున్న వంద మిల్లీలీటర్ల నియమం కింద తీయించేస్తారు. చికెన్, మటన్ పచ్చళ్లు అమెరికాలోకి రానివ్వరు. కరివేపాకు కూడా అంతే. బియ్యం విషయం చాలామందికి తెలియదు: ఖప్రా అనే పురుగు భయంతో మన దేశం నుంచి ప్రయాణికులు తెచ్చే బియ్యాన్ని ఆపేస్తారు. డల్లాస్‌లో మన సరుకుల దుకాణాలకు కొదవ లేదు, సోనా మసూరి అక్కడే దొరుకుతుంది. గల్ఫ్‌లో దిగి ఊరు చూసే ఆలోచన ఉంటే మసాలాలో గసగసాలు లేకుండా చూడండి, యూఏఈలో అవి మాదకద్రవ్యాల లెక్కలోకి వస్తాయి. పవర్ బ్యాంకు చేతి బ్యాగులోనే ఉండాలి. తిండి ఏమున్నా ఉందని చెబితే, మహా అయితే తీసి పారేస్తారు. దాచితే జరిమానా. ‘మా వాడికి ఈ చిన్న పొట్లం ఇచ్చెయ్యమ్మా’ అని సీలు వేసి తెచ్చే వాటిని మొహమాటం లేకుండా వెనక్కి ఇచ్చేయండి.

ఇప్పుడు ఆ 60 వేలు. ఎఫ్-1 వీసా మీద వెళ్లిన విద్యార్థి తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకే పని చేయొచ్చు. బయట పని చేయాలంటే ప్రత్యేక అనుమతి ఉండాలి, అది సాధారణంగా మొదటి ఏడాది చదువు పూర్తి కాకుండా రాదు. కాబట్టి దిగిన వారంలో ఆ కన్సల్టెన్సీ మనిషి చూపించగలిగేది ఒక్కటే: చేతికి నోట్లు ఇచ్చే దొంగచాటు పని. పట్టుబడితే విద్యార్థి హోదా పోతుంది, హోదాతో పాటు చదువూ పోతుంది. అప్పుడు మీ కన్సల్టెన్సీ అతను ఫోను ఎత్తడు.

సరే, నిబంధన ప్రకారమే క్యాంపస్‌లో పని దొరికిందనుకుందాం. టెక్సస్‌లో కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. వారానికి 20 గంటలకు 145. కాలేజీ కాస్త ఎక్కువే ఇచ్చినా, నలుగురితో పంచుకునే గది అద్దెకు, తిండికి సరిపోతుంది. లోను వాయిదా దాంట్లోంచి రాదు. పైగా ఆ క్యాంపస్ ఉద్యోగాలకే వందల మంది పోటీ. బ్యాంకుల చదువు రుణాల్లో కోర్సు కాలానికి, ఆపైన ఏడాది వరకు వాయిదాలు కట్టనక్కరలేని వెసులుబాటు మామూలుగా ఉంటుంది. ప్రైవేటు ఫైనాన్స్ సంస్థలైతే చాలావరకు నెలనెలా వడ్డీ అడుగుతాయి. మీ రుణం ఈ రెండింటిలో ఏ రకమో కాగితం తీసి చూడండి. మొదటి ఏడాది ఆ వడ్డీ మీరిక్కడ కట్టగలరా అన్నదే మీరూ వాళ్ల నాన్నగారూ కూర్చుని వేసుకోవాల్సిన లెక్క. నిజమైన సంపాదన చదువయ్యాక ఓపీటీతో (చదివిన రంగంలో పని చేయడానికి ఇచ్చే అనుమతి) మొదలవుతుంది: 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సు అయితే ఇంకో 24. అదీ ఉద్యోగం దొరికితేనే.

దళారి మాట నమ్మి దెబ్బతినడం మనవాళ్లకు కొత్త కాదు. 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు మన పిల్లల కాళ్లకు నిఘా పట్టీలు వేశారు. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అయితే అమెరికా అధికారులే వల పన్ని పెట్టిన ఉత్తుత్తి సంస్థ. తరగతులు లేవు, పాఠాలు చెప్పేవాళ్లు లేరు. 2019 జనవరిలో దాని గుట్టు బయటపడ్డప్పుడు పట్టుబడిన విద్యార్థుల్లో తెలుగువాళ్లు చాలామంది. అందులో పిల్లలను చేర్పించిన మధ్యవర్తులూ మనవాళ్లే. ‘చదవక్కర్లేదు, మొదటి రోజు నుంచే పని’ అన్న మాటే అక్కడ ఎర.

మీ అమ్మాయి యూనివర్సిటీ అలాంటిదని నేను అనడం లేదు. అయినా ఒక పని చేయించండి. యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసు ఉంటుంది, ఐ-20 ఇచ్చింది వాళ్లే. మొదటి సెమిస్టర్‌లో నేను ఏ పని చేయొచ్చు, క్యాంపస్ ఉద్యోగాలకు ఎక్కడ దరఖాస్తు చేయాలి అని తన మెయిల్ నుంచి తనే రాయాలి, కన్సల్టెన్సీ మెయిల్ నుంచి కాదు. ఆ జవాబు చదివాక 60 వేల గురించి మీకు ఇంకో సలహా అక్కరలేదు. ఆ డబ్బు ఉంచితే వెళ్లేముందు పంటి డాక్టరుకు, కళ్లజోడుకు పనికొస్తుంది, రెండూ అక్కడ మహా ఖరీదు. చిలుకూరు బాలాజీకి 108 ప్రదక్షిణలు బాకీ ఉంటే ప్రయాణానికి ముందే ఒక రోజు పెట్టుకోండి, చివరి వారంలో కుదరదు.