పిల్లాడి గదిలో గోడకు నల్ల బూజు.. తెల్లవారుజామున దగ్గు.. ఏం చేయాలి?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా బాబుకు ఆరేళ్లు. వానలు మొదలైనప్పటి నుంచి వాడు పడుకునే గదిలో మంచం పక్క గోడకు నల్లటి మచ్చలు వస్తున్నాయి. గీకించి పెయింట్ వేయిస్తే నెల తిరగకుండానే మళ్లీ వచ్చాయి. బాబుకు తెల్లవారుజామున దగ్గు, తుమ్ములు, ముక్కు దిబ్బడ. అమ్మమ్మ వాళ్ల ఊరికి వెళ్తే తగ్గిపోతుంది. మా అత్తమ్మ ఇది దమ్ము అంటున్నారు. నల్ల బూజు విషమని ఫోన్లో వీడియోలు చూసి టెన్షన్ పడుతున్నాం. ఏం చేయమంటారు?

జవాబు: మీరు రాసినదాంట్లో నాకు బాగా పనికొచ్చిన మాట, ఊరికి వెళ్తే తగ్గిపోతుందన్నది. అంటే మీ ఇంట్లోనే, బహుశా ఆ గదిలోనే, ఏదో వాడికి పడటం లేదు. బూజు నుంచి కంటికి కనిపించని కణాలు గాల్లోకి లేస్తుంటాయి. ఎలర్జీ తత్వం ఉన్న పిల్లలు వాటిని పీలిస్తే తుమ్ములు, ముక్కు కారడం, కళ్ల దురద, పొడి దగ్గు వస్తాయి. ఆస్తమా ఉంటే పిల్లికూతలు, ఆయాసం కూడా తోడవుతాయి. అదే గదిలో పడుకునే ఇంకొకరికి ఏమీ కాకపోవచ్చు.

నల్లగా ఉందని భయపడకండి. రంగు చూసి అది విషమో కాదో ఎవరూ చెప్పలేరు. పరీక్షలకు డబ్బు పెట్టడం కూడా దండగ. ఏ రంగు బూజైనా తీసేయాల్సిందే, తడి ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టాల్సిందే. మీ ఇంట్లో ఆ రెండో పని జరగలేదు, అందుకే పెయింట్ నిలవలేదు.

గోడకు అవతల ఏముందో ముందు చూడండి. బాత్రూమా, పైపులైనా, వాన నేరుగా కొట్టే వైపా? స్లాబు మీద నీళ్లు నిలుస్తున్నాయా? అర్థం కాకపోతే, మచ్చ పక్కన గోడకు అడుగు వెడల్పు ప్లాస్టిక్ కవర్‌ను నాలుగు వైపులా టేపుతో గట్టిగా అంటించి, రెండు రోజులు ఉంచండి. కవర్ వెనక నీటి చుక్కలు పడితే చెమ్మ గోడలోంచి వస్తున్నట్టు. అప్పుడు మేస్త్రీని పిలిచి లీకేజీ ఆపించాలి. కవర్ పైన, గది వైపు తడి చేరితే గదిలో గాలి ఆడటం లేదన్నమాట. వానాకాలంలో కూలర్ వేయడం, బట్టలు గదిలోనే ఆరేయడం దీనికి మామూలు కారణాలు. గోడ మీద తెల్లటి పొడి కూడా ఉంటే కొంచెం నీటిలో వేయండి. కరిగిపోతే అది గోడకు పట్టిన ఉప్పు. బూజు కాకపోయినా అదీ చెమ్మకు గుర్తే.

మచ్చ మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు లోపే ఉంటే మీరే శుభ్రం చేసుకోవచ్చు. బాబును ఆ పూటకు ఇంకెక్కడైనా ఉంచండి. మీరు ఎన్95 మాస్కు, గ్లౌజులు వేసుకుని కిటికీలు తెరవండి. ఫ్యాన్ మాత్రం ఆపేయండి. పొడి గోడను చీపురుతోనో ఎమిరీ పేపర్‌తోనో గీకితే బూజంతా గదిలోకి లేస్తుంది. ముందు తడిపి, సబ్బు నీళ్లతో రుద్ది, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పారేయండి. లప్పం ఉబ్బి పెచ్చులుగా లేస్తుంటే, తడిపాకే ఊడదీయాలి. గోడ పూర్తిగా ఆరాకే కొత్త లప్పం, పెయింట్. బ్లీచింగ్‌లో బాత్రూమ్ కడిగే యాసిడ్ కలిపి కొడితే బాగా పోతుందని కొందరు చెబుతారు. దయచేసి ఆ పని చేయొద్దు. ఆ రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

బూజు పట్టిన దూది పరుపు, దిండ్లు ఎండలో వేసినా బాగుపడవు. తీసేయండి. మంచాన్ని గోడకు జానెడు దూరం జరపండి. బియ్యం, తవుడు బస్తాలు ఆ గదిలో ఉంటే బయట పెట్టండి. చెమ్మ పోతుందని సాంబ్రాణి పొగ వేయకండి. ఆ పొగ, దోమల కాయిల్ పొగ దగ్గును ఇంకా పెంచుతాయి.

ఇక మీ అత్తమ్మ మాట. కొట్టిపారేయలేం. తెల్లవారుజామున వచ్చే దగ్గు ఆస్తమాకు ఒక గుర్తు. బాబును పిల్లల డాక్టర్‌కు చూపించండి. గదిలోని మచ్చల ఫొటో, ఊరెళ్తే తగ్గే సంగతి ఆయనకు తప్పకుండా చెప్పండి. పరుపులోని దుమ్ము పురుగులు, మీ ఊరి రైస్ మిల్లుల ఊక దుమ్ము కూడా ఇలాంటి దగ్గే తెప్పిస్తాయి కాబట్టి అవీ చూడాలి. దగ్గు సిరప్‌లు, యాంటీబయాటిక్స్ సొంతంగా కొని వాడకండి. ఎలర్జీ దగ్గుకు అవి పని చేయవు. ఆస్తమా అని తేలితే ఇన్‌హేలర్ రాస్తారు. పంపు పెడితే జీవితాంతం అలవాటైపోతుందని ఆపేసే తల్లిదండ్రులను చూస్తే నిజంగా బాధేస్తుంది. అలవాటు కాదు. మందు నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది కాబట్టి తక్కువ డోసు సరిపోతుంది. ఈ వయసు పిల్లలకు స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం లాంటి డబ్బా) పెట్టి వాడాలి.

డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తున్నా, ఆయాసంతో మాట పూర్తి చేయలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా తెల్లారేదాకా ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.